మాజీ సైనికుల మస్తిష్కారోగ్యము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పల్లెలలో సైన్యమునుండి పింఛను పుచ్చుకొని మరలివచ్చినవారు ఊరి కొకరిద్దఱు చొప్పున కానవచ్చుచుందురు. పదునేడు, పదునెనిమిదేండ్లు కొలువు చేసి, నలువదేండ్లు నిండకుండగనే ఇల్లు చేరి, కొందఱు సేద్యము చేసికొనుచున్నారు. కొందఱు బ్యాంకుల వాకిట తుపాకి పట్టి కావలి కాయుచున్నారు. ఊరివారు వీరిని పేరుపెట్టి పిలువరు. "మిలిటరీ ఆయన" యందురు. ఆ పిలుపులో గౌరవము కలదు. అయితే ఆ మిలిటరీ ఆయనయే అఱువది దాటిన పిమ్మట చెప్పిన మాటనే మరల మరల చెప్పుచు, పింఛను కాగితము ఎచట పెట్టెనో మఱచి ఇంటివారిపై విరుచుకుపడుచు, తన చెలకకు పోవు బాటలోనే తడబడుచున్నప్పుడు, "తాగి తాగి చెడిపోయినాడు" అనియో, "ముసలితనపు చాదస్తము" అనియో ఆ యూరివారే తేల్చివేయుదురు. ఆతడు ఇరువదియైదవ యేట సరిహద్దున పేలుడుధాటికి ఎగిరిపడి, రెండు నిమిషములు తెలివితప్పి, మరునాడే మరల పనిలో నిలిచిన సంగతి ఎవ్వరికిని గుర్తుండదు. ఒక్కొక్కప్పుడు ఆతనికే గుర్తుండదు. వ్రాసియుంచినవారు లేరు.

ఈ వ్రాసియుంచమిని గూర్చియే మేము నేడు పాఠకులతో ముచ్చటింప దలచితిమి. కాలు పోయిన సైనికుని జూచి సభయంతయు లేచి నిలుచును. మెదడు దెబ్బతిన్న సైనికుని గాయము కంటికి కానరాదు గనుక ఆతనికి దక్కునది నింద. తలదెబ్బ ఫలము ఇరువది, ముప్పది, నలువదేండ్లకు బయల్పడునని శాస్త్రజ్ఞులు నేడు చెప్పుచున్నారు. ఆ దెబ్బ మిగిల్చిన జాడలను రక్తపుబొట్టులో వెదకు పరీక్షలును వచ్చినవి. మన జిల్లాలలోని మాజీ సైనికులకు ఈ విద్యవలన కలుగు మేలెంత, కలుగవలసిన మేలెంత యని విచారింపవలసియున్నది.

ఈ విషయమున లోకమునకు గట్టి సాక్ష్యము నొసగినవానిలో ఒకటి పాతకాగితముల కట్ట. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1944, 45 సంవత్సరములలో, అమెరికా నౌకాదళమునకును మెరీను దళమునకును చెందిన యువకులు కొందఱు తలదెబ్బలతోను, మఱికొందఱు తలతో సంబంధములేని జబ్బులతోను సైనిక వైద్యశాలలలో చేరిరి. ఎవడు ఎంతసేపు తెలివితప్పి యుండెనో, పుఱ్ఱె చిట్లెనో లేదో ఆస్పత్రి కాగితములలో కెక్కినది. సుమారు ఏబదియేండ్లు గడచిన పిమ్మట బ్రెండా ప్లాస్మన్ అను పరిశోధకురాలును ఆమె సహచరులును ఆ కాగితములను దుమ్ము దులిపి, దెబ్బతిన్నవారిలో 548 మందిని, తిననివారిలో 1,228 మందిని వెదకి పట్టుకొని పరీక్షించిరి. 2000 సంవత్సరమున వారు ప్రకటించిన ఫలితమిది: ఒక మోస్తరు దెబ్బ తిన్నవారికి వార్ధక్యమున అల్‌జైమరు మతిభ్రంశము వచ్చు అవకాశము రెండింతలకు పైగాను, తీవ్రముగా దెబ్బతిన్నవారికి నాలుగింతలకు పైగాను కనబడినది. స్వల్పమైన దెబ్బ విషయమున ఆ లెక్క ఏమియు తేల్చలేకపోయినది. ఆనాడు విసుగుతోనో, పై అధికారి భయముతోనో ఆ పంక్తులను వ్రాసిన సైనిక వైద్యునకుగాని గుమాస్తాకుగాని తానొక శాస్త్రమునకు పునాదిరాయి వేయుచున్నానని తెలిసియుండదు.

స్వల్పమైన దెబ్బను గూర్చిన సందేహమునకు తరువాత మఱికొంత సమాధానము లభించినది. అమెరికా మాజీ సైనికుల వైద్యశాఖ దస్తరములనుండి తలదెబ్బ నమోదైన 1,78,779 మందిని, అంతే సంఖ్యలో దెబ్బ లేనివారిని సరిపోల్చి డెబొరా బార్న్స్ మొదలగువారు 2018లో ఒక పరిశోధన ప్రకటించిరి. తెలివితప్పని స్వల్పపు దెబ్బ తిన్నవారిలో సైతము మతిభ్రంశము రెండింతలకు మించినది. తీవ్రమైన దెబ్బ తిన్నవారిలో నాలుగింతలకు చేరువైనది. దెబ్బయే లేకున్నను యుద్ధభయము మనసున నాటుకొని నిద్రలో ఉలికిపడువారి సంగతియు ఇట్టిదే. 2010లో క్రిస్టీన్ యాఫే మొదలగువారు 1,81,093 మంది మాజీ సైనికుల కాగితములను పరిశీలింపగా, ఏడేండ్లలో మతిభ్రంశము సోకినవారు అట్టి భయపీడితులలో నూటికి 10.6, తక్కినవారిలో 6.6. ఇవి పొందికను చూపు లెక్కలేగాని, ప్రతి యొక్కనికిని ఇట్లే యగునని చెప్పు జాతకములు కావు. దెబ్బ తిని ఎనుబదియేండ్లు నిక్షేపముగా బ్రతికినవారును కలరు.

ఇక దెబ్బ తగిలినప్పుడు లోపల జరుగున దేమి? పుఱ్ఱె గట్టిది, దానిలోని మెదడు గడ్డపెరుగువంటిది. తల ఒక్కసారిగా ఊగి ఆగినప్పుడుగాని, పేలుడు గాలి అల తాకినప్పుడుగాని, ఆ మెత్తని పదార్థములో దారములవలె సాగియున్న నరతంతువులు లాగబడును; కొన్ని తెగును. ఆ తంతువులలోపల వాసములవలె నిలిచియుండు ఒక మాంసకృత్తు తెగినచోటునుండి కారి రక్తములో చేరును. దీనిని న్యూరోఫిలమెంటు లైటు అందురు. నరకణములకు ఊతగా నుండు నక్షత్రాకారపు కణములు కలవు. అవి గాయపడినప్పుడు జి.ఎఫ్.ఏ.పి. అను మఱియొక మాంసకృత్తు బయటపడును. నరకణములనుండియే యు.సి.హెచ్.-ఎల్.1 అనునది వెలువడును. ఈ మూడింటికిని వేర్వేఱు కాలనియమములు గలవు. యు.సి.హెచ్.-ఎల్.1 ఎనిమిది గంటలలో పతాకస్థాయి కెక్కి దిగిపోవును. జి.ఎఫ్.ఏ.పి. సుమారు ఇరువది గంటలకు హెచ్చుమీఱి కొన్ని దినములు నిలుచును. న్యూరోఫిలమెంటు మెల్లగా పెరిగి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు నిలుచును. గ్రామును లక్షకోట్ల భాగములు చేసినచో వచ్చు అణుమాత్రపు తూకములలో వీనిని కొలువవలసియుండును. ఇంత సూక్ష్మమైన తూనిక మొన్నమొన్నటివరకు మానవునకు చేతకాలేదు.

2018లో అమెరికా ఔషధశాఖ తలదెబ్బకు తొలి రక్తపరీక్షను అనుమతించినది. 2024లో రోగి ప్రక్కనే చిన్నయంత్రమున పదునైదు నిమిషములలో ఫలితము తెలుపు పరీక్షకును అనుమతి లభించినది. ఇవి దెబ్బతగిలిన 24 గంటలలోపల పనికివచ్చునట్టివి. కాలాంతర ఫలమును తెలిసికొనుటకు వేఱొక సూచిక కలదు. నరకణములోని సన్నని నాళికలను కట్టియుంచు టావు అను మాంసకృత్తునకు 217వ స్థానమున ఫాస్ఫేటు చేరి అది చెడినచో, అల్‌జైమరు వ్యాధి మెదడున కూర్చున్నదనుటకు అది గుర్తు. అఱువదియేండ్ల వానికి వెన్నులో సూది గ్రుచ్చి నీరు తీయకుండ, చేతినుండి తీసిన రక్తముతోనే దానిని కనిపెట్టు పరీక్షకు 2025 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చినది. అదియును మఱపు లక్షణములు కనబడిన 55 యేండ్లు దాటినవారికి మాత్రమే.

ఇంతమాత్రమున మురిసిపోయి, ఒక్క రక్తపుబొట్టుతో మాజీ సైనికుని భవిష్యత్తు చదివివేయవచ్చునని తలంపరాదు. వియత్నాము యుద్ధమునుండి మరలివచ్చిన వృద్ధసైనికుల మెదడులను స్కానులతో చిత్రించి చూచిన పరిశోధకులకు, తలదెబ్బ తిన్నవారిలో గాని భయపీడితులలో గాని అల్‌జైమరు మలినము తక్కినవారికంటె హెచ్చుగా కనబడలేదు. అనగా సైనికుని మఱపు అంతయు అల్‌జైమరు కాదు. దానికి వేఱు దారులు గలవు. ముష్టియుద్ధకారులలోను, ఫుట్‌బాలు ఆటగాండ్రలోను కనబడిన దీర్ఘకాలిక మస్తిష్కక్షయమును గూర్చి పత్రికలలో పెద్ద అలజడి రేగినది. అది మరణానంతరము మెదడును కోసి చూచినగాని నిర్ణయింపరానిది. 225 మంది అమెరికా సైనికోద్యోగుల మెదడులను శోధించి 2022లో ప్రకటించిన ఫలితములో అది పదిమందిలోనే కనబడినది. ఆ పదిమందియు ఒకప్పుడు ఢీకొను ఆటలాడినవారే. పేలుడుల పాలైన సైనికుల మెదడులో మాత్రము వేఱువిధమైన మచ్చలు, నక్షత్రకణముల గాయపుమచ్చలు, 2016లోనే కనుగొనబడినవి. వీనిని బ్రతికియున్నవారిలో చూపగల రక్తపరీక్ష ఏదియు వైద్యుల వాడుకలోనికి రాలేదు. కావున "టావు పరీక్ష బాగున్నది, నీకు జబ్బు లేదు పొమ్ము" అని పింఛను బోర్డు ఎదుట ఒక వైద్యుడు పలికినచో, అది శాస్త్రము పలికినమాట కాదు.

మఱియొక చిక్కు. మూత్రపిండములు చెడినవారి రక్తములో ఈ మాంసకృత్తులు సహజముగానే పేరుకొని హెచ్చుగా కనబడును. స్థూలకాయులలో తక్కువగా కనబడును. ఈ పరీక్షల హద్దులు ఎక్కువగా అమెరికా, ఐరోపా ఖండవాసుల రక్తముపై గీసినవి. చక్కెరజబ్బును, మూత్రపిండపు జబ్బును ఇంటింట వినుచున్న మన తెలంగాణమున అవే హద్దులను కన్నుమూసికొని వాడిన, జబ్బులేనివానికి జబ్బును, ఉన్నవానికి లేమిని అంటగట్టుట జరుగును. మన రక్తముతో మన హద్దులను మనమే గీసికొనవలెను.

అట్టి పని మనవారికి చేతకాదని ఎవరైన అందురేని, వారికి ఒక సంగతి జ్ఞాపకము చేయుచున్నాము. 1962 నాటి చైనాయుద్ధకాలమున మైదానప్రదేశముల సైనికులను తొందరపాటుతో హిమాలయ శిఖరములకు చేర్చవలసివచ్చినది. పలుచని గాలిలో వారికి తలనొప్పి, వాంతి, మైకము, మెదడువాపు కలిగినవి. భారతసైన్య వైద్యుడు ఇందర్ సింగును ఆయన సహచరులును 1,925 మంది సైనికులను పరిశీలించి, 1969లో అమెరికాలోని సుప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటించిన వ్యాసము పర్వతరోగమును గూర్చి నేటికిని ప్రపంచమంతట ఉదాహరింపబడుచున్నది. పర్వతములపై మెదడువాపు వచ్చి బ్రతికి బయటపడినవారి మెదడులో సూక్ష్మమైన రక్తస్రావపు చుక్కలు ఏండ్లకొలది నిలిచియుండుట ఎం.ఆర్.ఐ. స్కానులలో తరువాత తేటపడినది. 1984 ఏప్రిల్ 13 నుండి సియాచిన్ హిమానీనదముపై మన సైనికులు కావలియున్నారు. ఆనాటి యువకులు నేడు అఱువది దాటినవారు. వారిలో తెలుగువారును కలరు. వారి మతియెట్లున్నదని ఎవరు అడుగుచున్నారు?

అడుగకపోవుటకు లోకమున పూర్వాచారము కలదు. 1915లో చార్లెస్ మయర్స్ అను ఆంగ్ల సైనికవైద్యుడు "షెల్ షాక్" అను మాటను వైద్యపత్రిక కెక్కించెను. ఫిరంగిగుండ్ల హోరులో వణికి, మాట పడిపోయి, చూపు మందగించిన ఆ సైనికులలో కొందఱికి చికిత్స లభించినది. కొందఱికి పిఱికిపంద యను బిరుదము లభించినది. మనదేశమున ఆ బిరుదమునకు బదులు "ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు" అను మాట వాడుకలోనికి వచ్చినది. ధర్మవీర్ సింగు అను సిపాయి 1985లో సిగ్నలు దళమున చేరెను. మూర్ఛరోగము వచ్చినదని 1994లో సైన్యమునుండి పంపివేయబడెను. ఆ మూర్ఛ కొలువుతో సంబంధము లేనిది, దేహస్వభావముచే వచ్చినది అని వైద్యమండలి చెప్పగా అంగవైకల్యపు పింఛను నిరాకరింపబడినది. 2013 జూలైలో సుప్రీముకోర్టు ఆతనిపక్షమున తీర్పు చెప్పినది. చేరునాడు పరీక్షించి ఆరోగ్యవంతుడని చేర్చుకొనినవానికి తరువాత జబ్బు వచ్చినచో, అది కొలువువలననే వచ్చినదని ఎంచవలెను. కాదని రుజువు చేయు భారము ప్రభుత్వముపై నుండును. ఇది ఆ తీర్పు సారము. అయితే 2023లో ఈ పింఛనుల నిబంధనలు మార్చబడినవి. ఆ మార్పులు తమకు దక్కిన రక్షణను బిగించివేయుచున్నవని మాజీ సైనికులు ఆక్షేపించిరి. వాదము ఎటుపోయినను, తలదెబ్బ తగిలిన దినమున వ్రాసిన ఒక్క పంక్తి కాగితము నలువదేండ్ల తరువాత ఆ కుటుంబమునకు నూఱు వాదములకంటె బలము.

మా పాఠకులలో భూవసతి గలవారు హెచ్చు. వారికి తెలిసిన సంగతియే మఱియొకటి చెప్పెదము. మాజీ సైనికులకు ప్రభుత్వమిచ్చిన భూములను పదియేండ్లు దాటిన పిమ్మట అమ్ముకొనవచ్చునని 1993లో ఉమ్మడిరాష్ట్ర ప్రభుత్వము ఉత్తర్వు చేసినది. హక్కు మంచిదే. కాని మతి సడలుచున్న వృద్ధునిచేత సంతకము పెట్టించుకొనుట దళారికి ఎంతపని? ఉదయమున ఒకనికి, సాయంకాలమున ఒకనికి మాట యిచ్చి, ఎవనియొద్ద బయానా పుచ్చుకొనెనో మఱచినవాని ఇల్లు కోర్టుల పాలగును. తండ్రి మనసు మాఱినదని కొడుకులు అలుగుదురు. మెదడు మాఱినదని వారికి చెప్పు వైద్యుడు దగ్గఱ లేడు. కొనువారు సైతము ఇట్టి దస్తావేజుల విషయమున జాగ్రత్తపడవలయునని వేఱుగా చెప్పనక్కఱలేదు.

దెబ్బలు తిన్న తలలు జనగామకు క్రొత్త కాదు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు నేలకొరగెను. ఆ తరువాతి యైదేండ్లలో ఈ ప్రాంతపు పల్లెలలో గుతుపలకును, లాఠీలకును, తుపాకిమడమలకును పగిలిన తలలెన్నో వ్రాసిన వైద్యుడు లేడు. ఆ తరము దాదాపు గతించినది. వారి చివరిదినముల మఱపులో ఆ దెబ్బల పాలెంతయో ఇక తెలియదు. భూపాలపల్లి వైపు అడవులలో మందుపాతరలు పేలిన దినములును పోయినతరము చూచినదే. అందు గాయపడిన పోలీసులును, కేంద్ర బలగములవారును మాజీ సైనికులకు గల వైద్యపథకమున చేరరు.

ఇప్పుడైనను చేయదగిన పని కలదు. దానికి సాధనములును చేరువనే యున్నవి. పూర్వపు వరంగల్లు జిల్లా 2016 అక్టోబరులో చీలిన పిమ్మట ఈ మూడు జిల్లాలకును ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. మహబూబాబాదునకు 2022లోను, జనగామకును భూపాలపల్లికిని 2023లోను. వానికి వెన్నుగా వరంగల్లున 1959 నాటి కాకతీయ వైద్యకళాశాల యుండనే యున్నది. మాజీ సైనికులకు 2003 ఏప్రిలునుండి ఇ.సి.హెచ్.ఎస్. అను వైద్యపథకమును, దాని పాలిక్లినిక్కులును గలవు. మతిని పరీక్షించుటకు ఆంగ్లపు ప్రశ్నలనే నమ్ముకొననక్కఱలేదు. భారత వైద్యపరిశోధన మండలి హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళములతోపాటు తెలుగునను పరీక్షలు సిద్ధపఱచినది. ఈ మూడు కళాశాలలు వారమున కొకదినము మఱపు రోగులకై కేటాయించి, అఱువది దాటిన ప్రతి మాజీ సైనికుని ఒక్కసారి పిలిచి చూచి, రక్తమును గడ్డకట్టించి భద్రపఱచినచో, పదియేండ్లలో మన హద్దులు మనకు తేలును. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెము చెంత "మిలిటరీ మాధవరము" అని పేరుపడిన మాధవరము వంటి ఊరు కూడ ఈ లెక్కలో చేరిన మఱింత మేలు. అచ్చట తరతరముల సైనికులు ఒకేచోట నున్నారు, ఇచ్చట ఊరి కొక్కడు.

రక్తపరీక్ష వచ్చువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పనియు లేదు. అఱువది దాటిన భారతీయులలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, మతిభ్రంశము కలదని 2023లో ప్రకటింపబడిన లెక్క చెప్పుచున్నది. ప్రపంచమున ఈ వ్యాధిలో ఇంచుమించు నూటికి 45 వంతులు పదునాలుగు కారణములను అదుపుచేసి నివారింపనో, వెనుకకు నెట్టనో వచ్చునని 2024లో లాన్సెటు వైద్యపత్రిక సంఘము తేల్చినది. ఆ పదునాలుగింటిలో తలదెబ్బ యొకటి; రక్తపుపోటు, చక్కెరజబ్బు, వినికిడి లోపము, మితిమీఱిన మద్యము కూడ నున్నవి. తుపాకి మ్రోతలో చెవులు పోగొట్టుకొనినవాడు చెవియంత్రమును సిగ్గని మానుకొనుచున్నాడు. క్యాంటీను సీసాను మాత్రము ప్రతినెల తప్పక తెచ్చుకొనుచున్నాడు. ఈ మాట కొందఱికి కటువుగా తోచవచ్చును, చెప్పక తప్పదు. మఱుపునకు థైరాయిడు లోపము, బి12 జీవసత్త్వపు లోపము కారణమైనచో, అది సామాన్యపు రక్తపరీక్షతో తెలిసి మందుతో కుదురుటకు వీలున్నదని ఇంటివారు ఎఱుగవలెను.

ఒక ఊఱటయు కలదు. హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి మొదలగువారు 648 మంది మతిభ్రంశ రోగులను పరిశీలించి 2013లో ప్రకటించినదానిని బట్టి, ఒకే భాష యెఱిగినవారికంటె రెండు భాషలు మాటలాడువారికి ఈ జబ్బు సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చుచున్నది. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. బ్యారకులో హిందీ నేర్చి, ఇంట తెలుగో లంబాడీయో పలుకు మన సైనికునకు ఆ మేలు ఎంతో కొంత లభించునేమోయని ఆశింపవచ్చును. సైనికులపై వేఱుగా చూచినగాని నిశ్చయింపరాదు.

ప్రభుత్వమును, కళాశాలలును కదలువఱకు ఇంటివారు చేయగల పని యొకటి గలదు. దానికి రెండురూపాయల కాగితము చాలును. మిలిటరీ ఆయనకు జ్ఞాపకము చక్కగానున్న ఈ దినములలోనే కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొనవలెను: ఏ సంవత్సరమున, ఏ తావున, ఏ దళమున నుండగా తలకు దెబ్బ తగిలినది, పేలుడెంత దూరమున జరిగినది, తెలివి ఎంతసేపు తప్పినది, ఏ సైనిక వైద్యశాలలో ఎన్నాళ్లుండెను, చూచిన తోటి సైనికుడెవ్వడు, ఆతని ఊరేది, ఎన్ని శీతకాలములు మంచుకొండలపై గడపెను. వ్రాసిన తేదీ వేసి, ఆయనచేత సంతకము చేయించి, డిశ్చార్జి పుస్తకములోనే ఉంచవలెను. ఒక ప్రతిని జిల్లా సైనిక సంక్షేమాధికారికి పంపి రశీదు తీసికొనవలెను.